నగర కూడళ్లలో సోలార్ పబ్లిక్ వై-ఫై: తరచుగా అడిగే ప్రశ్నలు

సోలార్ పబ్లిక్ వై-ఫై అంటే ఏమిటి? మామూలు వై-ఫైకీ దీనికీ తేడా ఎక్కడుంది?

ఫోనుకు అందే సిగ్నల్‌లో తేడా ఏమీ లేదు. ఆ సిగ్నల్‌ను పంపే పరికరానికి కరెంటు ఎక్కడి నుంచి వస్తున్నదన్న దాంట్లోనే తేడా అంతా ఉంది. కూడలిలోనో, పార్కులోనో, బస్టాపు పక్కనో ఒక స్తంభం నిలబెట్టి, దాని మీద సోలార్ ప్యానెల్, దిగువన చార్జ్ కంట్రోలర్ (బ్యాటరీలోకి వెళ్లే, బయటికి వచ్చే కరెంటును అదుపుచేసే పరికరం), బ్యాటరీ ఉన్న పెట్టె, వాటికి తోడు ఆరుబయట వాడకానికి తయారుచేసిన యాక్సెస్ పాయింట్ (వై-ఫై సిగ్నల్ పంపే పరికరం) అమరుస్తారు. పగటిపూట ప్యానెల్ ఒకవైపు పరికరాన్ని నడుపుతూనే మరోవైపు బ్యాటరీని నింపుతుంది. చీకటి పడ్డాక భారమంతా బ్యాటరీదే. వైర్లేవీ కనబడని ఆ స్తంభాన్ని చూసి ఇంటర్నెట్ కూడా ఎండలోంచే పుడుతున్నదనుకునేవాళ్లు లేకపోలేదు. ఎండ ఇచ్చేది కరెంటు మాత్రమే. ఇంటర్నెట్ వేరే దారిలో స్తంభం దాకా రావలసిందే. ఆ దారి గురించి కింద విడిగా చెప్పాము.

నగరం నడిబొడ్డున అడుగడుగునా కరెంటు స్తంభాలు ఉండగా సోలార్ ఎందుకు?

అన్నిటికన్నా ముందు అడగవలసిన ప్రశ్న ఇది. చాలా ప్రతిపాదనలలో ఎవరూ అడగని ప్రశ్న కూడా ఇదే. బిల్లు ఆదా అవుతుందన్నది సరైన జవాబు కాదు. ఒక స్తంభం మీది పరికరాలన్నీ కలిసి 25 వాట్లు తీసుకుంటాయనుకుంటే, రాత్రింబవళ్లు నడిచినా ఏడాదికి అయ్యే వాడకం 219 యూనిట్లు. అంత కొద్ది కరెంటును మిగల్చడానికి ప్యానెల్, బ్యాటరీ, దిట్టమైన స్తంభం, కాంక్రీటు పునాది ఏర్పాటు చేయడం లెక్కకు నిలవదు. పర్యావరణం పేరు చెప్పినా పరిస్థితి పెద్దగా మారదు, ఎందుకంటే ప్యానెల్‌కూ బ్యాటరీకీ తయారీలో ఖర్చయిన శక్తిని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

అసలు లాభం తవ్వకం తప్పడంలో ఉంది. కరెంటు తీగ ఇరవై మీటర్ల దూరంలోనే ఉన్నా, అక్కడి నుంచి స్తంభానికి లైను లాగాలంటే పేవ్‌మెంటు పగలగొట్టాలి, నీటి పైపులూ మురుగు పైపులూ టెలిఫోను కేబుళ్లూ ఎక్కడున్నాయో చూసుకోవాలి, అనుమతులు తీసుకోవాలి, మీటరు పెట్టించాలి, చివరికి తవ్విన చోటును మళ్లీ మునుపటిలా చేయాలి. పాత కట్టడాలున్న కూడళ్లలో, నదీతీరపు నడకదారులలో, వంతెనల మీద, పెద్ద పార్కుల మధ్యలో ఈ పని కొన్నిసార్లు అసాధ్యమే అవుతుంది. అలాంటి చోట్ల సోలార్ స్తంభాన్ని ఒకటి రెండు రోజుల్లో నిలబెట్టవచ్చు, అవసరం తీరాక తీసి మరోచోటికి మార్చుకోవచ్చు.

మరి వీధిదీపం స్తంభానికి ఎలాగూ కరెంటు ఉంది కదా అనిపిస్తుంది. అక్కడే ఒక చిక్కుంది. చాలా నగరాల్లో వీధిదీపాల లైనుకు సాయంత్రం స్విచ్ వేసినప్పుడే కరెంటు వస్తుంది. తెల్లవారితే దీపంతోపాటు లైను మొత్తం ఆగిపోతుంది. జనం తిరిగేది పగలు, లైను బతికి ఉండేది రాత్రి. దీనికి చక్కటి పరిష్కారం మిశ్రమ పద్ధతి: పగలు చిన్న ప్యానెల్‌తో, రాత్రి దీపం లైనుతో పరికరాన్ని నడిపితే బ్యాటరీ చాలా చిన్నదైనా సరిపోతుంది. మా అభిప్రాయంలో నగర కూడళ్లకు, అనుమతి దొరికిన చోట, పూర్తి సోలార్ కన్నా ఇదే మేలు. పగలూ రాత్రీ కరెంటు ఉన్న లైను చేతికందే దూరంలో ఉంటే మాత్రం సోలార్ పెట్టడం ప్రదర్శన కోసమే అనుకోవాలి.

ఒక స్తంభానికి ఎంత ప్యానెల్, ఎంత బ్యాటరీ కావాలి?

లెక్క చూద్దాం. యాక్సెస్ పాయింట్‌కు 12 వాట్లు, ఇంటర్నెట్‌ను స్తంభం దాకా తెచ్చే రేడియోకు 8 వాట్లు, కంట్రోలర్‌కూ వోల్టేజీ మార్పిడి నష్టాలకూ 5 వాట్లు అనుకుంటే మొత్తం 25 వాట్లు. రోజంతా నడిస్తే 600 వాట్-అవర్లు (వెయ్యి వాట్-అవర్లు ఒక యూనిట్).

ప్యానెల్ మీద రాసి ఉండే వాట్లు ప్రయోగశాల పరిస్థితుల్లో, అంటే చదరపు మీటరుకు 1,000 వాట్ల వెలుతురు పడుతూ ప్యానెల్‌లోని సెల్స్ 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు వచ్చేవి. ఆరుబయట రోజంతా పడే వెలుతురు, అంతటి ఎండ ఎన్ని గంటలు కాసినదానికి సమానమో చూసి లెక్క కట్టాలి. ఎండ బాగా కాసే నెలలో అది 5 గంటలు ఉండవచ్చు, చలికాలంలోనో వానాకాలంలోనో 2.5 గంటలకు పడిపోవచ్చు. వేడికీ దుమ్ముకూ తీగలకూ బ్యాటరీకీ పోయే నష్టాలు తీసేస్తే మిగిలేది సుమారు 75 శాతం. ఆ ప్రకారం మంచి నెలకు 160 వాట్ల ప్యానెల్ చాలు. అధ్వాన్నమైన నెలకు 320 వాట్లు కావాలి. ఏడాది సగటును పట్టుకుని ప్యానెల్ కొన్నవాళ్ల స్తంభాలు సగటు కన్నా తక్కువ ఎండ ఉన్న నెలలన్నిటిలోనూ మొరాయిస్తాయి. లెక్క ఎప్పుడూ ఏడాదిలోని అతి బలహీనమైన నెలను పట్టుకునే చేయాలి.

బ్యాటరీ విషయానికి వస్తే, ఎండ లేకుండా మూడు రోజులు నెట్టుకురావాలంటే 1,800 వాట్-అవర్లు కావాలి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో 80 శాతం వాడుకోవచ్చు కనుక 2,250 వాట్-అవర్ల సామర్థ్యం అవసరం, 25.6 వోల్టుల, 100 ఆంపియర్-అవర్ల బ్యాటరీ ఒకటి దీనికి సరిపోతుంది. లెడ్-యాసిడ్ బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేస్తే దాని ఆయుష్షు త్వరగా తరిగిపోతుంది కనుక అదే పనికి 3,600 వాట్-అవర్లు, అంటే ఒక్కొక్కటి 30 కిలోల దాకా తూగే పెద్ద బ్యాటరీలు మూడు కావాలి.

చాలామంది జారవిడిచే విషయం మరొకటి ఉంది. ప్యానెల్ రోజువారీ వాడకానికి సరిగ్గా సరిపోయేంతే ఉంటే, మబ్బు రోజుల్లో ఖాళీ అయిన బ్యాటరీ ఎండ వచ్చాక కూడా నిండదు, ఎందుకంటే వచ్చిన కరెంటంతా ఆ రోజు వాడకానికే పోతుంది. రోజు ఖర్చు పోగా మిగులు ఉన్నప్పుడే పాత లోటు తీరుతుంది. అందుకే లెక్కలో వచ్చిన ప్యానెల్ కన్నా మూడో వంతో నాలుగో వంతో ఎక్కువ పెట్టడం మంచిది.

రాత్రిళ్లు, మబ్బు పట్టిన రోజుల్లో సేవ ఆగిపోతుందా?

సరిగ్గా లెక్క కట్టిన స్తంభం ఒక రాత్రికో, రెండు మబ్బు రోజులకో ఆగదు. దట్టంగా మబ్బు కమ్మినప్పుడు కూడా ప్యానెల్ పూర్తిగా చేతులెత్తేయదు. మంచి ఎండలో వచ్చేదాంట్లో పదో వంతు నుంచి నాలుగో వంతు దాకా ఇస్తూనే ఉంటుంది. ముసురు వారం పాటు వదలకపోతే మాత్రం ఎంతటి బ్యాటరీ అయినా అయిపోతుంది. అప్పుడు ఒక్కసారిగా ఆగిపోవడం కన్నా మెట్లు మెట్లుగా తగ్గడం నయం. బ్యాటరీ సగానికి వస్తే అర్ధరాత్రి నుంచి ఉదయం దాకా వై-ఫైని ఆపడం, ఇంకా తగ్గితే యాక్సెస్ పాయింట్‌లోని రెండు వై-ఫై రేడియోలలో ఒకదాన్ని పగలు కూడా ఆపడం, చివరికి స్తంభం క్షేమసమాచారం పంపే చిన్న మోడెమ్‌ను మాత్రమే మిగల్చడం వంటి ఏర్పాట్లు కంట్రోలర్‌లో ముందే చేసి పెట్టుకోవచ్చు.

ఈ ఏర్పాటు లేని స్తంభం దగ్గర తెల్లవారుజామున ఒక వింత కనిపిస్తుంది. ఎండ పొడ తగలగానే ఖాళీ బ్యాటరీ వోల్టేజీ కొంచెం లేస్తుంది, యాక్సెస్ పాయింట్ మేల్కొంటుంది, పచ్చ లైటు వెలుగుతుంది. పరికరం పూర్తిగా లేచేసరికి అది లాగే కరెంటుకు వోల్టేజీ మళ్లీ పడిపోతుంది, లైటు ఆరిపోతుంది. రెండు నిమిషాల తర్వాత మళ్లీ అదే తంతు. గంటల తరబడి ఇలా సాగితే బ్యాటరీ నిండదు, వాడేవాళ్ల ఫోనులో నెట్‌వర్క్ పేరు కనబడుతూ మాయమవుతూ ఉంటుంది. ఆగే వోల్టేజీకీ తిరిగి మొదలయ్యే వోల్టేజీకీ మధ్య తగినంత ఎడం పెడితే ఈ బాధ తప్పుతుంది.

ఏ రకం బ్యాటరీ మంచిది? పేలే ప్రమాదం ఉందా?

ఇప్పుడు ఎక్కువగా వాడుతున్నది లిథియం ఐరన్ ఫాస్ఫేట్. ఇది వేలసార్లు నిండి ఖాళీ అవడాన్ని తట్టుకుంటుంది. ఇతర లిథియం రకాలతో పోలిస్తే అదుపు తప్పి వేడెక్కే ప్రమాదం చాలా తక్కువ. దీని బలహీనత చలి. సున్నా డిగ్రీల కన్నా తక్కువలో దీన్ని చార్జ్ చేస్తే లోపల లిథియం లోహం పేరుకుని సెల్ శాశ్వతంగా దెబ్బతింటుంది కనుక చలి ప్రాంతాలలో హీటరు ఉన్న బ్యాటరీయో, చలిలో చార్జింగ్‌ను ఆపే రక్షణ సర్క్యూటో తప్పనిసరి. వేడి ప్రాంతాలలో సమస్య తిరగబడుతుంది: ఎండలో ఉన్న మూసిన ఇనుపపెట్టె లోపలి వేడి బయటి వేడిని బాగా మించిపోతుంది, బ్యాటరీ ఆయుష్షు ఆ మేరకు తరుగుతుంది. పెట్టెకు తెల్లరంగు వేయడం, దాన్ని ప్యానెల్ నీడలోనే బిగించడం, గాలి ఆడేలా చూడడం వంటి ఖర్చులేని జాగ్రత్తలు ఇక్కడ బాగా పనికివస్తాయి.

ఇన్వర్టర్ అవసరమా?

అవసరం లేదు, పెట్టకూడదు కూడా. బ్యాటరీలో ఉన్నది డీసీ, యాక్సెస్ పాయింట్ నడిచేదీ డీసీ మీదే. మధ్యలో ఏసీగా మార్చి మళ్లీ డీసీగా మార్చడం వల్ల రెండుసార్లు నష్టం. ఇన్వర్టర్ ఊరికే ఉన్నా కొన్ని వాట్లు తింటుంది. ఇంటర్నెట్ సమాచారాన్ని మోసే ఈథర్నెట్ కేబుల్ ద్వారానే పరికరానికి కరెంటు పంపే పద్ధతికి 2003 నుంచే ప్రమాణం ఉంది. ఆ తొలి ప్రమాణంలో 15.4 వాట్ల దాకా, 2009 నాటి దాంట్లో 30 వాట్ల దాకా పంపవచ్చు. బ్యాటరీ వోల్టేజీని ఆ ప్రమాణానికి కావలసిన స్థాయికి పెంచే చిన్న డీసీ కన్వర్టర్ ఒకటి ఉంటే చాలు.

చుట్టూ ఎత్తైన భవనాలు ఉంటే ప్యానెల్‌కు ఎండ తగులుతుందా?

నగరం నడిబొడ్డున పథకాలను ఎక్కువగా దెబ్బతీసేది ఇదే. చలికాలంలో పగలు అతి చిన్నదైన రోజున మిట్టమధ్యాహ్నం సూర్యుడు ఎంత ఎత్తున ఉంటాడో తెలుసుకోవాలంటే 90 నుంచి ఆ చోటి అక్షాంశాన్నీ, మరో 23.5నూ తీసేయాలి. 17 డిగ్రీల అక్షాంశం దగ్గర అది 49.5 డిగ్రీలు, 20 మీటర్ల భవనం నీడ అప్పుడు సుమారు 17 మీటర్లు సాగుతుంది. 40 డిగ్రీల అక్షాంశం దగ్గర సూర్యుడు 26.5 డిగ్రీల ఎత్తుకే వస్తాడు; అదే భవనం నీడ 40 మీటర్లు పరుచుకుంటుంది. ఇది మధ్యాహ్నపు మాట. ఉదయం, సాయంత్రం నీడలు ఇంకా పొడవు. వేసవిలో వచ్చి చోటు చూసి, ఎండ దండిగా ఉందని రాసుకుని వెళ్లిన సర్వేకు విలువ లేదని అందుకే అంటున్నాము.

ప్యానెల్ మొత్తం నీడలో పడనక్కరలేదు. అందులోని సెల్స్ ఒకదాని తర్వాత ఒకటి వరుసగా కలిపి ఉంటాయి కనుక, నీడ పడిన ఒక్క సెల్ తన వరుసలోని మిగతా సెల్స్ కరెంటుకు కూడా అడ్డుపడుతుంది. మామూలు ప్యానెల్‌లో సెల్స్‌ను మూడు భాగాలుగా విడదీసి ఒక్కో భాగానికి ఒక బైపాస్ డయోడ్ పెడతారు. కొంతభాగం మీద నీడ పడితే ఆ భాగాన్ని దాటవేయడం దాని పని. ఆ లెక్కన పక్కనున్న సైన్‌బోర్డు నీడ అరచేయి వెడల్పున అడ్డంగా పాకినా ప్యానెల్‌లో మూడో వంతు పోవచ్చు, పడిన దిక్కును బట్టి అంతకన్నా ఎక్కువే పోవచ్చు. కొత్తగా కట్టే భవనాలు, ఏటా ఎదిగే చెట్లు, పండుగలకు కట్టే బ్యానర్లు కూడా ఈ లెక్కలో ఉండాలి. స్తంభం కూడలిలో, ప్యానెల్ దగ్గరి భవనం మిద్దె మీద పెట్టి మధ్యలో సన్నటి కేబుల్ దించడం చాలాసార్లు తేలికైన మార్గం.

ప్యానెల్‌ను ఎంత వాలుగా పెట్టాలి? దుమ్ము పడితే?

భూమధ్యరేఖ వైపు తిప్పి, అక్షాంశానికి సమానమైన వాలు ఇవ్వడం సాధారణ సూత్రం. మన లెక్క అంతా బలహీనమైన నెల మీద ఆధారపడింది కనుక, ఆ నెల చలికాలంలో వచ్చే చోట్ల మరో పది పదిహేను డిగ్రీలు నిటారుగా పెట్టడం ఉత్తమం. నిటారుగా ఉన్న ప్యానెల్ మీద దుమ్ము, మంచు, పక్షుల రెట్టలు తక్కువగా నిలుస్తాయి. దుమ్ము పొర సన్నగా సమానంగా పడితే నష్టం కొద్దిశాతమే; రెట్ట గడ్డకట్టి ఒక సెల్‌ను కప్పేస్తే పైన చెప్పిన నీడ కథే పునరావృతమవుతుంది.

గాలివానకు స్తంభం నిలుస్తుందా?

గంటకు 144 కిలోమీటర్ల వేగంతో వీచే గాలి రెండు చదరపు మీటర్ల ప్యానెల్‌కు ఎదురుగా తగిలితే పడే బలం సుమారు 200 కిలోల బరువుకు సమానం, అది కూడా స్తంభం కొనన. మామూలు దీపస్తంభాన్ని ఇంత బలానికి రూపొందించరు. ఉన్న స్తంభానికే ప్యానెల్ బిగించాలనుకుంటే స్ట్రక్చరల్ ఇంజనీరు సంతకం లేకుండా ముందుకు వెళ్లకూడదు.

స్తంభానికి ఇంటర్నెట్ ఎలా చేరుతుంది?

నాలుగు దారులున్నాయి. ఫైబర్ ఉంటే అంతకు మించినది లేదు. కానీ ఫైబర్ కోసం నేల తవ్వేటట్లయితే అదే గాడిలో కరెంటు తీగ కూడా వేసేయవచ్చు, ఇక సోలార్‌తో పనేముంది? అందుకే సోలార్ స్తంభాలకు ఎక్కువగా రేడియో లింకే వాడతారు. ఫైబర్ ఉన్న భవనం మిద్దె మీద ఒక యాంటెన్నా, స్తంభం మీద మరొకటి, రెండూ ఒకదానికొకటి సూటిగా కనబడుతూ ఉండాలి. 5 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యం ఉన్న తరంగాలు వాడే లింకు కిలోమీటర్ల దూరం వెళ్తుంది కానీ నగరంలో ఆ తరంగాల రద్దీ ఎక్కువ. 60 గిగాహెర్ట్జ్ లింకు సెకనుకు గిగాబిట్ వేగం ఇవ్వగలదు. అయితే గాలిలోని ఆక్సిజనే ఆ తరంగాలను పీల్చుకుంటుంది, జోరువాన కూడా వాటిని బలహీనపరుస్తుంది, కాబట్టి కొన్ని వందల మీటర్లకే అది నమ్మదగినది. మూడో దారి మొబైల్ నెట్‌వర్క్ మోడెమ్. ఇది పెట్టడం అన్నిటికన్నా సులువు. కానీ జనం ఎక్కువైనప్పుడు టవరు మీద ఎంత ఒత్తిడి ఉంటుందో మోడెమ్ మీద కూడా అంతే ఉంటుంది కనుక ఉత్సవం రోజున రెండూ కలిసే మందగిస్తాయి. నాలుగోది ఉపగ్రహం. దాని డిష్ ఒక్కటే యాక్సెస్ పాయింట్ కన్నా కొన్ని రెట్లు ఎక్కువ కరెంటు తీసుకుంటుంది, మన 25 వాట్ల లెక్క తలకిందులవుతుంది.

స్తంభం నుంచి స్తంభానికి మెష్‌లా (వలలా) కలుపుకుంటూ పోతే సరిపోదా?

కొంతవరకే. ఒకే రేడియోతో ఫోన్లకూ పక్క స్తంభానికీ సేవ చేసే మెష్‌లో ప్రతి గెంతుకూ, అంటే ఒక స్తంభం నుంచి పక్క స్తంభానికి దాటిన ప్రతిసారీ, వేగం దాదాపు సగమవుతుంది, ఎందుకంటే వచ్చిన ప్రతి ప్యాకెట్‌ను (సమాచారపు తునకను) అదే చానెల్ మీద మళ్లీ పంపాలి. మూడు గెంతుల తర్వాత మిగిలేది ఎనిమిదో వంతు. మెష్ కోసం విడిగా రెండో రేడియో పెడితే వేగం నిలుస్తుంది, కరెంటు వాడకం పెరుగుతుంది. సోలార్ మెష్‌లో ఇంకో ఇబ్బంది: మధ్యలోని స్తంభం నీడలో ఉండి బ్యాటరీ అయిపోతే దాని వెనకున్నవన్నీ ఎండలో ఉన్నా మూగబోతాయి.

ఒక స్తంభం ఎంత దూరం అందుతుంది? ఎంతమంది వాడుకోవచ్చు?

ఆరుబయట అడ్డేమీ లేకపోతే 50 నుంచి 100 మీటర్లు అనుకోవచ్చు. శక్తిమంతమైన యాంటెన్నా పెడితే ఇంకా దూరం వెళ్తుందని అమ్మేవాళ్లు చెబుతారు. స్తంభం మాట ఫోనుకు వినబడినా, ఫోను మాట స్తంభానికి వినబడాలి కదా. ఫోనులోని చిన్న రేడియో శక్తే అసలు హద్దు. ఫోనులో సిగ్నల్ గీతలు నిండుగా కనబడుతూ పేజీ తెరుచుకోకపోవడానికి తరచుగా కారణం ఇదే. తడి ఆకులు కూడా సిగ్నల్‌ను మింగేస్తాయి కనుక ఆకులు రాలిన కాలంలో పరీక్షించిన దూరం చెట్లు చిగురించాక నిలవదు. భవనాల లోపలివాళ్లకు ఈ సేవ అందుతుందని ఎవరైనా హామీ ఇస్తే నమ్మవద్దు.

ఎంతమంది అన్నది వాళ్లు చేసే పనిని బట్టి ఉంటుంది. సందేశాలకూ మ్యాపులకూ అయితే వంద మందికి కూడా ఇబ్బంది ఉండదు. ముప్పై మంది వీడియోలు చూస్తే చాలు, నెట్‌వర్క్ నెమ్మదిస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికొకటి అడ్డుపడని చానెళ్లు మూడే. చుట్టుపక్కల దుకాణాల రౌటర్లన్నీ ఆ మూడింటి మీదే ఉంటాయి. పబ్లిక్ సేవకు 5 గిగాహెర్ట్జ్‌నే ప్రధానంగా వాడుకోవడం, దూరాన ఉండి అతి నెమ్మదిగా మాట్లాడే ఫోన్లు అందరి సమయాన్నీ తినేయకుండా కనీస వేగం నిర్ణయించడం నిర్వాహకుల చేతిలోని పని.

ఈ నెట్‌వర్క్‌లో బ్యాంకు పనులు చేసుకోవచ్చా?

పాస్‌వర్డ్ లేని వై-ఫైలో ఫోనుకూ స్తంభానికీ మధ్య గాలిలో వెళ్లే సమాచారానికి మామూలుగా గుప్తీకరణ (ఇతరులు చదవలేని రూపంలోకి మార్చడం) ఉండదు. అయినా నేటి బ్యాంకు యాప్‌లూ చాలామటుకు వెబ్‌సైట్లూ తమ సమాచారాన్ని తామే గుప్తీకరించుకుంటాయి కనుక పక్కనున్నవాడు చదవలేడు. అసలు ముప్పు నకిలీ నెట్‌వర్క్: అదే పేరుతో ఎవరైనా తమ పరికరం పెట్టి, నకిలీ లాగిన్ పేజీ చూపించి వివరాలు రాబట్టవచ్చు. వెబ్‌సైట్ అసలుదేనని చూపే ధ్రువపత్రం సరిగ్గా లేదని బ్రౌజర్ హెచ్చరించినప్పుడు దాన్ని దాటి ముందుకు వెళ్లకపోవడం, వై-ఫై లాగిన్ పేజీలో బ్యాంకు పాస్‌వర్డ్‌నో కార్డు నంబరునో ఎన్నడూ ఇవ్వకపోవడం ముఖ్యం. నిర్వాహకుల వైపు నుంచి, పాస్‌వర్డ్ లేకుండానే గుప్తీకరణ చేసే పద్ధతి 2018లోనే ప్రమాణంగా వచ్చింది. కొత్త టెండర్లలో దాన్ని అడగకపోవడానికి కారణం కనబడదు. ఒకరి ఫోనుకు మరొకరి ఫోను కనబడకుండా వేరుచేసే సెట్టింగు కూడా తప్పకుండా ఉండాలి.

కనెక్ట్ అయ్యాక లాగిన్ పేజీ రావడం లేదు. ఏం చేయాలి?

ఆ నెట్‌వర్క్‌ను ఫోనులో ఒకసారి మరిచిపొమ్మని చెప్పి, మళ్లీ కనెక్ట్ అవ్వండి. వీపీఎన్‌గానీ ప్రైవేట్ డీఎన్‌ఎస్‌గానీ వాడుతుంటే లాగిన్ అయ్యేదాకా వాటిని ఆపండి. పేజీని అడ్డుకునేవి చాలాసార్లు అవే.

నా కదలికలను ఈ స్తంభాలు గమనిస్తాయా?

గమనించగలవు. కనెక్ట్ అయిన ప్రతి ఫోను చిరునామా (నెట్‌వర్క్‌లో ఫోనును గుర్తుపట్టే సంఖ్య), సమయం, స్తంభం నమోదవుతాయి. కొన్ని దేశాల్లో చట్టమే కొంతకాలం వాటిని దాచమంటుంది. ఇటీవలి ఫోన్లు ఒక్కో నెట్‌వర్క్‌కు ఒక్కో తాత్కాలిక చిరునామా చూపడం వల్ల కనెక్ట్ కాకుండా నడిచి వెళ్లేవాళ్లను వెంబడించడం కష్టమైంది. కానీ ఫోను నంబరు ఇచ్చి లాగిన్ అయ్యాక ఆ రక్షణకు అర్థం లేదు. ఏ వివరాలు, ఎన్ని రోజులు, ఎవరి దగ్గర ఉంటాయన్నది లాగిన్ పేజీలోనే రాసి ఉండాలని పౌరులు అడగవచ్చు, అడగాలి.

కరెంటు పోయినప్పుడు, తుఫాను వచ్చినప్పుడు ఇవి పనిచేస్తాయా?

స్తంభం మీది పరికరం నడుస్తూనే ఉంటుంది. కానీ దానికి ఇంటర్నెట్ పంపే మిద్దె మీది రేడియో, ఆ భవనంలోని స్విచ్ నగరపు కరెంటు మీదే నడుస్తుంటే ఫోనులో నెట్‌వర్క్ పేరు కనబడడం తప్ప ప్రయోజనం ఉండదు. దారి పొడవునా ప్రతి మెట్టుకూ బ్యాకప్ ఉండాలి. 2012లో శాండీ తుఫాను న్యూయార్క్‌ను ముంచినప్పుడు బ్రూక్లిన్‌లోని రెడ్ హుక్ ప్రాంతంలో స్థానికులు నడిపిన చిన్న వై-ఫై మెష్ జనానికి అక్కరకు వచ్చింది. దానికి ఉపగ్రహ లింకు జతచేశాకే దాని ఉపయోగం పెరిగింది. విపత్తు కోసమే ఈ పథకం అనేవాళ్లు అలాంటి రెండో దారిని మొదటిరోజే పెట్టుకోవాలి.

అదే స్తంభం నుంచి ఫోన్ చార్జింగ్ కూడా ఇవ్వవచ్చా?

2010లో సెర్బియాలోని ఒబ్రెనోవాట్స్‌లో నిలబెట్టిన సోలార్ చార్జింగ్ కేంద్రం, 2014లో బోస్టన్‌లో వచ్చిన సోలార్ బెంచీలు ఈ ఆలోచనకు ప్రాచుర్యం తెచ్చాయి. కానీ నష్టాలతో కలిపి ఒక ఫోనుకు 20 వాట్-అవర్లు అనుకున్నా, రోజుకు పది ఫోన్లకు 200 వాట్-అవర్లు. వై-ఫై మొత్తం వాడకంలో మూడో వంతు. చార్జింగ్‌కు విడి బ్యాటరీ పెట్టండి, లేదా బ్యాటరీ సగానికి పైగా ఉన్నప్పుడే ప్లగ్గులు పనిచేసేలా చూడండి.

రేడియేషన్ వల్ల హాని ఉందా?

వై-ఫై తరంగాలు అణువులను అయనీకరించేంత, అంటే వాటిలోని ఎలక్ట్రాన్లను ఊడగొట్టేంత, శక్తి లేనివి. ఐరోపాలో 2.4 గిగాహెర్ట్జ్ వై-ఫైకి అనుమతించిన గరిష్ఠ శక్తి 100 మిల్లీవాట్లు. స్తంభం నుంచి కొన్ని మీటర్లు జరిగేసరికి అందేది అంతర్జాతీయ పరిమితులకు చాలా దిగువన ఉంటుంది. చేతిలోని ఫోను నుంచి అందేదే దానికన్నా ఎక్కువ.

ఇంతకుముందు ఇలాంటి పథకాలు ఎందుకు విఫలమయ్యాయి?

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో సెయింట్ లూయిస్ పార్క్ అనే చిన్న నగరం 2006 ప్రాంతంలో ఊరంతటికీ సోలార్ వై-ఫై తలపెట్టింది. వీధుల్లో ప్యానెళ్లున్న స్తంభాలు లేచాయి. పథకం మాత్రం పూర్తికాకుండానే కాంట్రాక్టు రద్దయింది. ఆ దశాబ్దంలో సోలార్ ప్రసక్తి లేని నగరవ్యాప్త వై-ఫై పథకాలు కూడా చాలా మూతపడ్డాయి; ఫిలడెల్ఫియా పథకం నుంచి దాన్ని నడిపే సంస్థ 2008లో తప్పుకుంది. ఆరుబయటి సిగ్నల్‌తో ఇళ్ల లోపలికి సేవ ఇవ్వాలనుకోవడం, చదరపు మైలుకు కావలసినన్ని పరికరాలు లెక్కించకపోవడం, ఇళ్లలోని బ్రాడ్‌బ్యాండ్‌తో పోటీపడాలనుకోవడం ఆనాటి చాలా పథకాలకు ఉమ్మడి బలహీనతలు. ఊరంతటికీ కాక ఒక కూడలికి, ఒక పార్కుకు పరిమితమైన పథకాలకు ఈ చిక్కులు తక్కువ.

నిర్వహణకు ఏం కావాలి? ఎంతకాలం మన్నుతుంది?

ప్యానెల్ 25 ఏళ్లు మన్నుతుంది, ఏటా దాని సామర్థ్యం సుమారు అర శాతం తగ్గుతుంది. బ్యాటరీని రకాన్ని బట్టి మూడేళ్ల నుంచి పదేళ్ల లోపు మార్చాలి. యాక్సెస్ పాయింట్ పాడుకాకపోయినా, తయారీదారు భద్రతా అప్‌డేట్లు ఆపేసిన రోజున దాన్ని దించేయాలి. రిబ్బన్ కత్తిరించిన రోజు బడ్జెట్‌లో మొదటి బ్యాటరీ మార్పుకు డబ్బు లేకపోతే ఆ స్తంభం ఆయుష్షు మొదటి బ్యాటరీ ఆయుష్షే.

రోజువారీగా చూడవలసిన అంకె ఒక్కటే: ప్రతి తెల్లవారుజామున బ్యాటరీ ఎంతకు దిగింది. ఆ అంకె వారం వారం కిందికి జారుతుంటే ప్యానెల్ మీద నీడో, మురికో, ముసలిదైన బ్యాటరీయో కారణం. సేవ ఆగిపోవడానికి చాలా ముందే తెలిసిపోతుంది. ఏటా రెండుసార్లు ప్యానెల్ కడగడం, బోల్టులు బిగించడం, పెట్టెలో చీమలూ తేమా చేరాయేమో చూడడం, పిడుగుల నుంచి కాపాడే సర్జ్ అరెస్టర్‌ను పరీక్షించడం సరిపోతుంది. బ్యాటరీ దొంగతనం నిజమైన సమస్యే. పెట్టెను నేలకు దగ్గరగా కాక మూడు మీటర్ల పైన బిగిస్తే అది చాలావరకు తగ్గుతుంది. పని చేసేవాళ్లకు నిచ్చెన కావలసివస్తుంది, అంతే.

పనిచేయకపోతే ఎవరికి చెప్పాలి?

ప్రతి స్తంభం మీద కంటి ఎత్తున దాని నంబరు, ఫిర్యాదు ఫోను నంబరు రాసి ఉండాలి. క్యూఆర్ కోడ్ ఒక్కటే అంటిస్తే, ఇంటర్నెట్ లేదని చెప్పడానికి ఇంటర్నెట్ కావలసివస్తుంది. ఫిర్యాదు చేసేటప్పుడు స్తంభం నంబరు, సమయం, నెట్‌వర్క్ పేరు అసలు కనబడుతున్నదా లేదా అన్నది చెప్పండి. పేరే కనబడకపోతే కరెంటు వైపు లోపం, పేరు కనబడి పేజీలు రాకపోతే లింకు వైపు లోపం అని సాంకేతిక సిబ్బంది అక్కడికి బయలుదేరక ముందే ఊహించగలరు.